విజ్ఞాన సర్వస్వములో విద్యాసంస్థాపకుని జీవితచరిత్ర : ముసాయిదాను పరిశీలించు తీరు

(ప్లాటినం జూబిలీ సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



డెబ్బదియైదు సంవత్సరములు నిండిన పాఠశాలకు రెండు విధములైన ఆస్తి యుండును. కంటికి కనబడు భవనములు, బల్లలు, గ్రంథాలయము మొదటి విధము. ఆ పాఠశాలను గూర్చి, దానిని స్థాపించిన వారిని గూర్చి జనులు చెప్పుకొను మాట రెండవ విధము. భవనమునకు ఎన్ని మారులైనను సున్నము వేయింపవచ్చును. మాటకు సున్నము వేసినచో మాత్రము లోపలి గోడ ఎట్టిదో తరువాతి తరము వారికి తెలియకుండ పోవును.

జూబిలీ జరుపుకొను ప్రతి పాఠశాలయు ఒక సంచికను వెలువరించును. అందు సంస్థాపకుల జీవితవిశేషములు తప్పక యుండును. ఇరువది, ముప్పది సంవత్సరములు గడచిన పిమ్మట ఎవరైనను విజ్ఞాన సర్వస్వమునకు ఆ సంస్థాపకుని గూర్చి వ్యాసము వ్రాయదలచినచో మొట్టమొదట వెదకునది ఇట్టి సంచికనే. నేడు అచ్చయిన పొగడ్త రేపు ఆధారమగును. నేడు పొరపాటున పడిన సంవత్సరము రేపు చరిత్రయగును. కావున విజ్ఞాన సర్వస్వమునకై వ్రాసిన జీవితచరిత్ర ముసాయిదా ఒకటి చేతికి వచ్చినపుడు దానిని ఎట్లు పరిశీలింపవలెను, వ్రాసిన వారికి ఏమి చెప్పవలెను అను విషయము పండితులకు మాత్రమే పరిమితమైనది కాదు. వేలూరు, గుడియాత్తం ప్రాంతములలో తెలుగు చదువుకొన్న ప్రతివారికి ఇది అవసరమైన విషయము.

తెలుగువారి ప్రయత్నము

తెలుగులో విజ్ఞాన సర్వస్వ నిర్మాణమునకు పూనుకొన్న మహనీయుడు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు (1877–1923). ఆయన పాల్గొని 1906లో నెలకొల్పిన విజ్ఞాన చంద్రికా మండలి ప్రకటించిన తొలి గ్రంథము ఒక జీవితచరిత్రయే యగుట గమనింపదగినది. అది గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకన్ చరిత్ర. లక్ష్మణరావు పిదప చెన్నపట్టణమున ఉండి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు శ్రీకారము చుట్టెను. మూడు సంపుటములు వెలువడినవి. ఆ మూడును ‘అ’కారముతో ఆరంభమగు విషయములనైన పూర్తిచేయక మునుపే 1923లో ఆయన పరమపదించెను. ఒక్క అక్షరమునకు మూడు సంపుటములు పట్టినవన్నచో ప్రతి వ్యాసమునకు ఆయన ఎంత శ్రద్ధ వహించెనో ఊహింపవచ్చును. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆ కార్యమును పునరుద్ధరించెను. 1947లో చెన్నపట్టణముననే ఏర్పడిన తెలుగు భాషా సమితి విషయానుక్రమమున సంపుటములను వెలువరించెను.

తమిళ సోదరులు 1954 నుండి 1968 వరకు పది సంపుటములుగా ‘కలైక్కళంజియం’ అను విజ్ఞాన సర్వస్వమును ప్రకటించిరి. దాని సంపాదకుడు పెరియసామి తూరన్. ఆ కార్యమును వెనుక నుండి నడిపించిన టి.ఎస్. అవినాశిలింగం మద్రాసు రాష్ట్ర విద్యామంత్రిగా పనిచేసినవాడు, కోయంబత్తూరులో స్వయముగా విద్యాసంస్థలను నెలకొల్పినవాడు. విద్యాసంస్థలను స్థాపించువారే విజ్ఞాన సర్వస్వముల విలువను ఎరుగుదురనుటకు ఇది తార్కాణము. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైన పిమ్మట ఈ రచన పండితుల గదిని దాటి సామాన్యుల చేతికి వచ్చెను. వ్రాయువారు పెరిగిరి. వ్రాసినదానిని ఓపికతో చదివి సవరణ సూచించువారు మాత్రము అంతగా పెరుగలేదు. ఆ కొరతను తీర్చుటకు చదువుకొన్న పూర్వ విద్యార్థుల కన్న తగినవారు లేరు.

పేరు – తొలి పరీక్ష

ముసాయిదాలో పరిశీలకుడు మొదట చూడవలసినది పేరు. ఇది సులభమని తోచును గాని తమిళనాట నివసించు తెలుగువారికి ఇందే మొదటి చిక్కు కలదు. తెలుగువారి పేరులో ముందుండు పొడి అక్షరము ఇంటిపేరును తెలుపును. తమిళుల పేరులో ముందుండు అక్షరము సాధారణముగా తండ్రి పేరును తెలుపును. సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరులోని ‘ఎస్.’ ఇంటిపేరు. వేలూరు ఇంజనీరింగ్ కళాశాల స్థాపకుడైన జి. విశ్వనాథన్ పేరులోని ‘జి.’ని ఇంటిపేరుగా భావించి అకారాది క్రమమున గకారము క్రింద చేర్చినచో, వెదకువానికి ఆ వ్యాసము దొరకదు.

చైనీయుల ఆచారము ఈ విషయమున తెలుగువారి ఆచారమునకు దగ్గరగా నుండుట విశేషము. వారును ఇంటిపేరును ముందుంతురు. యూ మిన్‌హోంగ్ అను విద్యావ్యవస్థాపకుని పేరులో ‘యూ’ అనునది ఇంటిపేరు. ఆంగ్ల పత్రికలలో ఆయనను మైకేల్ యూ అని కూడ వ్రాయుదురు. ఆంగ్లమును చూచి తెలుగు చేయు రచయిత ఈ రెండును వేరు వేరు వ్యక్తుల పేర్లని పొరబడుటకు అవకాశము కలదు. కావున పరిశీలకుని మొదటి సూచన ఇట్లుండవలెను: ఇంటిపేరు ఏది, తండ్రి పేరు ఏది, ఇతర రూపములెవ్వి అను సంగతులను మొదటి వాక్యముననే స్పష్టపరుపుడు.

ఊరు, కాలము

రెండవ పరీక్ష స్థలము. వేలూరు ప్రాంతమున ఇది మిక్కిలి మెలకువతో చేయవలసిన పని, ఏలయన ఇక్కడి సరిహద్దులు పలుమార్లు మారినవి. 1911 వరకు చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణము. ఆ సంవత్సరము చిత్తూరు జిల్లా ప్రత్యేకముగా ఏర్పడెను. 1989లో ఉత్తర ఆర్కాటు జిల్లాను రెండుగా విభజించిరి. 2019లో వేలూరు జిల్లా నుండి రాణిపేట, తిరుపత్తూరు జిల్లాలు వేరుపడినవి. గుడియాత్తం వేలూరు జిల్లాలోనే నిలిచెను.

రాధాకృష్ణన్ జన్మస్థలమైన తిరుత్తణి కథ ఇంకను చిత్రమైనది. ఆయన పుట్టిననాడు అది మద్రాసు రాజధానిలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో నుండెను. తరువాత చిత్తూరు జిల్లాలో నుండెను. 1960లో సరిహద్దుల సర్దుబాటు వలన మద్రాసు రాష్ట్రమునకు వచ్చెను. ‘ఆంధ్రప్రదేశ్‌లో జన్మించెను’ అని యొకరు, ‘తమిళనాడులో జన్మించెను’ అని వేరొకరు వ్రాసి వాదులాడుకొనుట వ్యర్థము. ఆయన జన్మించిన కాలమున ఆ రెండు రాష్ట్రములును లేవు. నాటి పేరు వ్రాసి, నేటి జిల్లాను పక్కన తెలుపుట సరియైన మార్గము.

తేదీల విషయమునను అంతియే జాగ్రత్త వలయును. సెప్టెంబరు 5 దేశమంతటను ఉపాధ్యాయ దినోత్సవము. 1888 సెప్టెంబరు 5 రాధాకృష్ణన్ జన్మదినమని పాఠశాల పిల్లలందరు ఎరుగుదురు. అయినను ఆయన కుమారుడు, ప్రసిద్ధ చరిత్రకారుడు సర్వేపల్లి గోపాల్, తాను రచించిన తండ్రి జీవితచరిత్రలో ఈ తేదీని గూర్చి సందేహమున్నదని దాచకుండ వ్రాసెను. కన్నతండ్రి విషయమునను సందేహమును సందేహముగానే వ్రాసిన ఆ చరిత్రకారుని నిజాయితీ విజ్ఞాన సర్వస్వ రచయితకు ఆదర్శము. తిరుపతిలో కొంతకాలము చదివి, వేలూరు వూరీస్ కళాశాలలో చేరి, పిదప మద్రాసు క్రైస్తవ కళాశాలకు వెళ్లిన ఆ మహనీయుని కీర్తికి ఈ సందేహము వలన కలిగిన లోపమేమియు లేదు.

‘మొట్టమొదటి’ అను మాట

జీవితచరిత్ర ముసాయిదాలలో మిక్కిలి ప్రమాదకరమైన విశేషణము ‘మొట్టమొదటి’. ఈ మాట కనబడిన చోటనెల్ల పరిశీలకుడు ఎఱ్ఱసిరాతో గుర్తు పెట్టవలెను. మధ్యాహ్న భోజన పథకము దీనికి మంచి ఉదాహరణము. గుడియాత్తం వాసులకు కామరాజుపై ప్రత్యేకాభిమానము కలదు. 1954లో ముఖ్యమంత్రి పదవి చేపట్టిన పిమ్మట ఆయన శాసనసభకు ఎన్నికైనది గుడియాత్తం ఉపఎన్నికలోనే. ఆ సంవత్సరమే ఆయన రాజాజీ ప్రవేశపెట్టిన ఒంటిపూట చదువుల పద్ధతిని రద్దుచేసెను. 1956లో రాష్ట్రమున బడిపిల్లలకు మధ్యాహ్న భోజనము ఆరంభమయ్యెను. ఇవన్నియు నిజములు. ఆయినను ‘బడిలో అన్నము పెట్టిన మొట్టమొదటివాడు కామరాజు’ అని ముసాయిదాలో నున్నచో పరిశీలకుడు ఆగవలెను. 1920లోనే చెన్నపట్టణ నగరపాలక సంస్థ అధ్యక్షుడుగా నుండిన పిట్టి త్యాగరాయ చెట్టి, థౌజండ్ లైట్స్ ప్రాంతపు పాఠశాలలో పిల్లలకు భోజనమును ఏర్పాటు చేయించెను. ఆయన మాతృభాష తెలుగు. 1982లో ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వము పౌష్టికాహార పథకముగా దానిని విస్తరింపజేసెను.

త్యాగరాయ చెట్టి ఒక నగరమున ప్రారంభించెను, కామరాజు రాష్ట్రమున వ్యాపింపజేసెను, రామచంద్రన్ విస్తరించెను. ఈ మూడు వాక్యములలో ఎవరి పాలు వారికి దక్కినది, ఎవరి గౌరవమునకును భంగము కలుగలేదు. ‘మొట్టమొదటి’ అను ఒక్క మాట ఉంచినచో ముగ్గురిలో ఇద్దరికి అన్యాయము జరుగును.

పొగడ్తను వార్తగా మార్చుట

ఒక ముసాయిదా ఇట్లు ఆరంభమైనదనుకొందుము: ‘విద్యాలోకమున ఉదయించిన భానుడు, దార్శనిక చక్రవర్తి, అపర భగీరథుడు అయిన జి. విశ్వనాథన్ గారు అనామకమైన వేలూరును ప్రపంచ పటములో నిలిపిరి.’

ఇందు ఒక్క వార్తయు లేదు. పైగా ఒక దోషము కలదు. వేలూరు ఏనాడును అనామకము కాదు. పదునారవ శతాబ్దపు కోట అక్కడ నున్నది. 1806 జూలైలో ఆ కోటలోనే సిపాయిల తిరుగుబాటు జరిగెను. ఇరువదవ శతాబ్ది ఆరంభము నుండి అక్కడి క్రైస్తవ వైద్యశాల కొఱకు దూరదేశముల నుండి జనులు వచ్చుచున్నారు. ఒకరిని పొగడుటకు ఊరిని తగ్గించుట తగదు.

పరిశీలకుడు దీనిని కొట్టివేసి ఊరకుండరాదు, మార్గము చూపవలెను. ‘జి. విశ్వనాథన్ (జననము 1938) తమిళనాడుకు చెందిన విద్యాసంస్థాపకుడు, రాజకీయ నాయకుడు. 1967, 1971 ఎన్నికలలో వందవాసి నుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను. 1984లో వేలూరు ఇంజనీరింగ్ కళాశాలను స్థాపించెను. 180 మంది విద్యార్థులతో ఆరంభమైన ఆ కళాశాలకు 2001లో డీమ్డ్ విశ్వవిద్యాలయ ప్రతిపత్తి లభించెను.’ ఈ నాలుగు వాక్యములలో ఒక్క విశేషణమైన లేదు. అయినను చదివినవానికి ఆ వ్యక్తి చేసిన పని ఎంతటిదో తెలియును. పదునేడు సంవత్సరములలో ఒక కళాశాల విశ్వవిద్యాలయ స్థాయికి చేరుట స్వయముగా మాటాడు సంగతి. దానికి భానుని సాక్ష్యము అక్కరలేదు.

తరువాత పరిశీలకుడు ఒక ప్రశ్న వేయవలెను: 1984లోనే ఏల? ఆ సంవత్సరమున తమిళనాడు ప్రభుత్వము స్వయం ఆర్థిక ఇంజనీరింగ్ కళాశాలలకు అనుమతినిచ్చెను. అంతకు మునుపు ఆ చదువు ప్రధానముగా ప్రభుత్వ కళాశాలలలోను, ప్రభుత్వ సహాయము పొందు కళాశాలలలోను మాత్రమే లభించెడిది. ప్రభుత్వము తెరచిన తలుపును గూర్చి చెప్పక, లోనికి వెళ్లిన వ్యక్తిని మాత్రమే వర్ణించినచో కథ సగమగును. వ్యక్తి పట్టుదలయు, కాలము ఇచ్చిన అవకాశమును కలిసిననే సంస్థ ఏర్పడును.

దాతయా, వ్యాపారియా?

ఇట్టి వ్యక్తిని ఏ మాటతో పిలువవలెను? ‘విద్యాదాత’ అన్నచో రుసుము చెల్లించి చదివించిన తల్లిదండ్రులు ఆశ్చర్యపడుదురు. ‘విద్యావ్యాపారి’ అన్నచో నింద యగును. ‘విద్యాసంస్థాపకుడు’ అనుట ఉభయులకును సమ్మతము. అది జరిగిన పనిని మాత్రమే చెప్పును.

మాట ఎంపికకు వెనుక చట్టము కూడ కలదు. భారతదేశమున విద్యాసంస్థలు సాధారణముగా ధర్మసంస్థల ద్వారా, సంఘముల ద్వారా నడచును. 1993లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు క్యాపిటేషన్ రుసుమును నిషేధించుచు ప్రవేశములకు ఒక పథకమును నిర్ణయించెను. 2002లో టి.ఎం.ఏ. పాయ్ సంస్థ కేసులో ఆ పథకమును తొలగించినను, విద్య లాభార్జనకు సాధనము కారాదని, సంస్థ అభివృద్ధికి తగిన మిగులు ఉండవచ్చునని చెప్పెను. విద్యాసంస్థాపకుని చరిత్ర వ్రాయువారు రుసుములు, ఉపకార వేతనములు, ప్రవేశ విధానము అను విషయములను వదలిపెట్టరాదు. పిల్లవానిని ఏ కళాశాలలో చేర్పింపవలెనని ఆలోచించు తండ్రికి బిరుదుల కన్న ఈ వివరములే ఉపయోగించును.

చైనా దేశపు ఉదాహరణము

పొరుగుదేశమైన చైనాలో విద్యయే పరిశ్రమగా పెరిగిన తీరు యూ మిన్‌హోంగ్ జీవితమున కనబడును. ఆయన 1962లో జియాంగ్సు రాష్ట్రమున పల్లెప్రాంతమున జన్మించెను. కళాశాల ప్రవేశ పరీక్షలో రెండు మారులు తప్పి, మూడవ మారు కృతార్థుడై 1980లో పీకింగ్ విశ్వవిద్యాలయమున చేరెను. అక్కడనే ఆంగ్లోపాధ్యాయుడై, 1991లో ఉద్యోగము వదలి, 1993లో ‘న్యూ ఓరియంటల్’ అను శిక్షణ సంస్థను స్థాపించెను. విదేశములకు చదువులకు పోవు యువకులకు ఆంగ్ల పరీక్షల శిక్షణ నిచ్చుట దాని పని. 2006లో ఆ సంస్థ వాటాలు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో చేరినవి.

ఇంతవరకు వ్రాసి ముగించిన ముసాయిదా విజయగాథ మాత్రమే యగును. పరిశీలకుడు మూడు విషయములను అడుగవలెను. మొదటిది న్యాయస్థానపు వ్యవహారము. అమెరికాలోని పరీక్షల నిర్వహణ సంస్థ తన ప్రశ్నపత్రములను అనుమతి లేక వాడిరని దావా వేయగా, 2003లో బీజింగ్ న్యాయస్థానము కాపీహక్కు ఉల్లంఘన జరిగినదని తీర్పునిచ్చెను. 2004లో పై న్యాయస్థానము పరిహారపు మొత్తమును తగ్గించెను. ఇది వదంతి కాదు, తీర్పు. కావున వ్యాసమున ఉండవలెను. పై న్యాయస్థానము తగ్గించిన సంగతియు ఉండవలెను. సగము తీర్పు వ్రాయుట పక్షపాతము.

రెండవది చలనచిత్రము. 2013లో వెలువడిన ఒక చైనా చిత్రము ఈ సంస్థాపకుల కథ ఆధారముగా అల్లినదని ప్రసిద్ధి. చిత్రములోని సన్నివేశములను జీవితఘట్టములుగా వ్రాయుట ముసాయిదాలలో తరచు కనబడు దోషము. తెలుగునాట చారిత్రక చిత్రములను చూచి చరిత్ర నేర్చుకొన్నవారికి ఈ దోషము కొత్తది కాదు.

మూడవది 2021 తరువాతి భాగము. ఆ సంవత్సరము జూలైలో చైనా ప్రభుత్వము పాఠ్యాంశములలో లాభాపేక్షతో నడచు ట్యూషన్లను నిషేధించెను. పిల్లలపై ఇంటిపని భారమును, ట్యూషన్ల భారమును తగ్గించుట తమ ఉద్దేశమని ప్రకటించెను. న్యూ ఓరియంటల్ అరువది వేల మంది ఉద్యోగులను తొలగింపవలసి వచ్చినదని సంస్థాపకుడే ప్రకటించెను. వాడుకలేని బల్లలు, కుర్చీలు దాదాపు ఎనుబది వేలు గ్రామీణ పాఠశాలలకు పంపిరి. పాఠములు చెప్పిన ఉపాధ్యాయులలో కొందరు అదే సంస్థ నడిపిన ప్రత్యక్ష ప్రసారములలో వ్యవసాయోత్పత్తులను అమ్ముచు, నడుమ ఆంగ్ల పదములను బోధించి ప్రజాదరణ పొందిరి. ఈ భాగము లేని జీవితచరిత్రలో ఎత్తు మాత్రమే యుండును, లోతు ఉండదు. బల్లలను దానము చేసిన వార్తను వ్రాసి, ఉద్యోగములు పోయినవారి సంగతిని విడిచినను, దానికి వ్యతిరేకముగా చేసినను, రెండును సమాన దోషములే.

కథ, సహచరులు, ధనము

వేలూరు వారికి ఐడా స్కడ్డర్ పేరు ఇంటి పేరు వంటిది. 1870లో రాణిపేటలో జన్మించిన ఆమె, ఒకే రాత్రి మువ్వురు గర్భిణులు స్త్రీ వైద్యురాలు లేనందున మరణించుట చూచి వైద్యము చదువ నిశ్చయించుకొనెనని ప్రసిద్ధమైన కథ. ఈ కథను వ్యాసమునుండి తొలగింపవలెనా? అక్కరలేదు. అది ఆమె స్మృతిగా ప్రచారములోనికి వచ్చిన కథ. ‘ఆమె చెప్పుకొన్న ప్రకారము’ అను మాట చేర్చిన చాలును. ఆధారమున్న సంగతులు వేరుగా నిలువవలెను: 1899లో అమెరికాలోని కార్నెల్ వైద్యకళాశాల పట్టము, 1900లో ఒక పడకతో వైద్యశాల, 1902లో మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి, 1909లో నర్సుల శిక్షణాలయము, 1918లో స్త్రీల వైద్య పాఠశాల, 1947లో పురుషులకును ప్రవేశము.

ఇందు 1902 నాటి ఆసుపత్రి పేరును గమనింపవలెను. అది స్థాపకురాలి పేరు కాదు. రాబర్ట్ షెల్ అను న్యూయార్క్ బ్యాంకరు తన భార్య జ్ఞాపకార్థము పదివేల డాలర్లు ఇచ్చినందున ఆ పేరు వచ్చెను. సంస్థాపకుని జీవితచరిత్రలో ధనము ఎక్కడి నుండి వచ్చెను, స్థలము ఎవరిచ్చిరి, తొలి ఉపాధ్యాయులెవరు అను ప్రశ్నలకు సమాధానముండవలెను. ఏ సంస్థయు ఒక్కరి చేతిమీదుగా లేవదు. పందిరి పైకి కనబడును. దానిని నిలిపిన గుంజలను లెక్కించువాడే మంచి పరిశీలకుడు.

సూచనను చెప్పు తీరు

దోషమును కనుగొనుట సగము పని. దానిని వ్రాసినవారికి చెప్పుట మిగిలిన సగము. ఉపాధ్యాయులు వ్యాసరచన పుస్తకములను దిద్దు పద్ధతియే ఇక్కడను పనికివచ్చును. పుటనిండ ఎఱ్ఱగీతలు చూచిన పిల్లవాడు మరల కలము పట్టుటకు జంకును. అట్లని అంతయు బాగున్నదని సంతకము చేసినచో వాడు ఏమియు నేర్వడు.

పరిశీలకుడు మొదట ముసాయిదాలో నిజముగా మేలైనది ఏదో గుర్తించి చెప్పవలెను. పిదప విషయదోషములను, భాషాదోషములను వేరు వేరుగా వ్రాయవలెను. సంవత్సరము తప్పుటయు, వాక్యము సాగదీయుటయు ఒకే విధమైన తప్పులు కావు. ‘ఇది తప్పు’ అనుటకు మారుగా ‘ఇది ఎక్కడ దొరికినది?’ అని అడుగుట మేలు. ఆధారమున్నచో రచయిత చూపును, లేనిచో తానే తొలగించును. ముసాయిదాను పూర్తిగా తిరుగవ్రాసి ఇచ్చుట సహాయము కాదు. అది రచయిత చేతినుండి కలమును లాగుకొనుటయే. సవరించిన ప్రతిని రెండవమారు చదువుట పరిశీలకుని విధి.

మరియొక ముఖ్య నియమము కలదు. వ్రాసినవారు గాని, పరిశీలించువారు గాని ఆ సంస్థాపకుని బంధువులో, ఆ సంస్థలో ఉద్యోగులో అయినచో ఆ సంగతిని ముందుగనే తెలుపవలెను. బంధుత్వము నేరము కాదు. దానిని దాచుట వలన మంచి వ్యాసమును కూడ జనులు శంకింతురు. జీవించియున్నవారి విషయమున జాగ్రత్త రెండింతలు వలయును. ఆధారము లేని నింద ఒక కుటుంబమును బాధించును. ఆధారము లేని స్తుతి వేలాది తల్లిదండ్రులను తప్పుదారి పట్టించును.

తెలుగు చదువరి కొఱకు

తమిళనాట తెలుగు మాధ్యమ పాఠశాలల పరిస్థితి సభాసదులెరిగినదే. 2006లో రాష్ట్ర ప్రభుత్వము తమిళ అభ్యసన చట్టమును చేసిన పిమ్మట తెలుగు ఇంటి పిల్లలు బడిలో తమిళమును తప్పక అభ్యసించుచున్నారు. నివసించు నేల భాషను నేర్చుట మంచిదే. ఆంగ్లము ఎట్లును ఉన్నది. ఈ రెండింటి నడుమ తెలుగు ఇంటిలో మాటాడు భాషగా మాత్రము మిగులునా, విషయము తెలిసికొను భాషగా కూడ నిలుచునా అనునది ప్రశ్న. గుడియాత్తంలోని నేతకారుని బిడ్డ తన జిల్లాలో పుట్టిన విద్యాసంస్థలను గూర్చి తెలుగులో వెదకినపుడు నాలుగు మంచి వాక్యములు దొరకవలెను. ఆంగ్ల వ్యాసమునకు మక్కికి మక్కి అనువాదము కాక, ఆ బిడ్డకు తెలిసిన ఊళ్ల పేర్లతో, తెలిసిన మాటలతో వ్రాసిన వ్యాసము దొరకవలెను. అట్టి వ్యాసము లేనిచోట భాష ఒక మెట్టు దిగును. అబద్ధముతో నిండిన వ్యాసమున్నచోట రెండు మెట్లు దిగును, ఏలయన ఒకమారు మోసపోయిన చదువరి మరల ఆ భాషలో వెదకడు.

ఈ కార్యమునకు పెద్ద గ్రంథాలయములు అవసరము లేదు. ప్రతి పాతబడిలోను ప్రవేశ పట్టికలు కలవు, గోడలలో శిలాఫలకములు కలవు, విరాళముల రసీదు పుస్తకములు కలవు, తనిఖీ అధికారుల వ్రాతలు కలవు. పూర్వ విద్యార్థుల ఇండ్లలో పాత ఛాయాచిత్రములు, ప్రగతి పత్రములు కలవు. చెదలు పట్టక మునుపు వానిని వెలికితీసి, ఛాయాచిత్రముల వెనుక పేర్లు, సంవత్సరములు వ్రాసి, నకళ్లు తీయించి భద్రపరచుట ప్రతివారును చేయగల సేవ. ఎనుబది దాటిన పూర్వ విద్యార్థుల జ్ఞాపకములను వారి మాటలలోనే వ్రాసికొని, తేదీ వేసి, పట్టికలతో సరిచూచుట మరియొక సేవ. స్థాపకుల పేర్లతో పాటు తొలి ఉపాధ్యాయినుల పేర్లు, గంట కొట్టిన బంట్రోతు పేరు, పిల్లలకు అన్నము వండిన తల్లుల పేర్లు దొరికినచో వానిని కూడ చేర్పవలెను.

జూబిలీ సంచికను చేతబట్టిన ప్రతి పాఠకుడును ఒక పరిశీలకుడే. అందలి ఏ పుటలోనైనను ఒక సంవత్సరము, ఒక పేరు, ఒక ‘మొట్టమొదటి’ సరికాదని తోచినచో మౌనము వహింపక, ఆధారముతో వ్రాసి పాఠశాలకు పంపవలెను. నిజము నిలుకడమీద తెలియునందురు. అది నిలుచుటకు ఒక చోటు మాత్రము ఎవరైనను కల్పింపవలెను. వేలూరు, గుడియాత్తం సీమలలో అక్షరదీపము వెలిగించిన పెద్దలు పూజలు కోరలేదు. వారు చేసిన పనిని చేసినంత మట్టుకు, ఉన్నదున్నట్లు తరువాతి తరమునకు అందించుటయే వారికి తగిన నివాళి.